కుట్రకు అధ్యక్షులు కావలెను

గోగులంకలో ఎవరూ ఎవరితోనూ కలిసి కుట్ర పన్నడం లేదన్న సంగతి ఎట్టకేలకు పైఅధికారులకి తెలిసిపోయింది.

తెలిసిన మర్నాడే ఎస్సై ఉదయభాస్కర్‌కి డీఎస్పీ కరుణాకరంగారి నుంచి కబురొచ్చింది. అతను ఇస్త్రీ మడత నలగకుండా యూనిఫాం వేసుకుని, పెళ్లి సెలవు కోసం రాసుకున్న దరఖాస్తు పట్టుకుని బయల్దేరాడు. పెళ్లికూతురు లాయరు హైమవతి. ఒకసారి మంత్రిగారి పర్యటన బందోబస్తుకీ, ఇంకోసారి పడవ పందేల బందోబస్తుకీ ఆ పెళ్లి వాయిదా పడింది. ఇప్పుడు వైశాఖంలో మూడో ముహూర్తం. ఇదీ తప్పితే ఈ సంబంధం దేవుడికే ఇష్టం లేదనుకుంటానని హైమవతి తండ్రి, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సువాడి ఎదుటే తేల్చి చెప్పేశాడు.

డీఎస్పీగారి గదిలో గోడకి పెద్ద పటం ఉంది. అందులో స్టేషన్లన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. గోగులంక ఒక్కటే తెల్లగా, రక్తం లేని రోగిలా ఉంది.

"చూశావటయ్యా? కుట్ర రహిత సబ్ డివిజన్. పైనుంచి వచ్చిన పథకం. రాష్ట్రంలో ప్రప్రథమంగా కుట్ర రహితంగా ప్రకటింపబడే గౌరవం మనకే దక్కాలి. అడ్డం పడుతున్నది నీ స్టేషనొక్కటే" అన్నారు కరుణాకరంగారు.

"మా దగ్గర కుట్రలే లేవండి. ఆ లెక్కన మేం ఎప్పుడో రహితం అయిపోయినట్టే కదా సార్?"

కరుణాకరంగారు అతనికేసి జాలిగా చూశారు.

"లేకపోవడం వేరు, రహితం కావడం వేరు. ఉన్నదాన్ని నిర్మూలిస్తేనే రహితం. నువ్వు దేన్ని నిర్మూలించావు? సున్నా అని పంపితే పైవాళ్లు ఏమంటారో తెలుసా? కుట్రలు లేవనుకోరు. కుట్రదారులు అంత జాగ్రత్తపరులనుకుంటారు. రాష్ట్రం మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన ఊరు నీదవుతుంది."

ఆయన ఒక సర్క్యులర్ తీసి చదివారు. "ముద్దాయిలు ఇద్దరికి తగ్గరాదు. వారి మధ్య ఒప్పందం కుదిరి ఉండవలెను. సదరు ఒప్పందం చట్టం కూడదన్న పనిని గూర్చి అయి ఉండవలెను. ఈ మూడూ ఉంటే చాలునయ్యా. దొంగతనం జరగక్కర్లేదు, హత్య జరగక్కర్లేదు. నేరం చేద్దామని అనుకుంటే చాలు. ఇంత సులువైన నేరం చట్టంలో ఇంకోటి లేదు. అదీ చేయించలేకపోతే ఎలా?"

"చేయించడమా సార్?"

"పట్టుకోవడం అన్నాను."

ఉదయభాస్కర్ దరఖాస్తు బల్ల మీద పెట్టాడు. కరుణాకరంగారు దాన్ని చదివి, నాలుగు ముక్కలు చేసి, బుట్టలో వేశారు.

"పెళ్లి వాయిదా వేయొచ్చు. కుట్రని వాయిదా వేయలేం. కోర్టులో నిలబడే కుట్ర కేసు ఒక్కటి తీసుకురా, సెలవు తీసుకో."

ఉదయభాస్కర్ వెనక్కి వస్తూ దారిపొడుగునా ఆలోచించాడు. చిక్కంతా ఆ మధ్య షరతు దగ్గరే ఉంది. గోగులంకలో ఇద్దరు మనుషులు ఒక మాట మీద నిలబడగా చూసినవాళ్లు లేరు. వినాయకచవితికి రెండు పందిళ్లు వేసేవారు. ఎందుకొచ్చిన గొడవ, కలిసిపొండని ఒక పెద్దమనిషి సర్దుబాటు చేస్తే మూడో పందిరి లేచింది. బస్సు షెల్టరు రోడ్డుకి ఏ పక్కన కట్టాలో తేలక జనం నడివంతెన మీద బస్సెక్కుతారు. ఎండ మండిపోతోందని ఒకడంటే, "ఇదీ ఒక ఎండేనా, నిన్న కాసిందయ్యా ఎండంటే" అంటాడు పక్కవాడు. అలాంటి ఊళ్లో ఒప్పందం ఎక్కడ దొరుకుతుంది?

అయినా పెళ్లి కావలసినవాడు ఊరుకుంటాడా?

మొదట చిక్కినవాడు మేడిశెట్టి అప్పన్న. రోజూ సాయంత్రం కల్లుపాక నుంచి వస్తూ వంతెన మీద చతికిలబడి, కరెంటు లైన్‌మన్ నిచ్చెన ఎత్తుకుపోయి కాలవలో పడేస్తానని లోకానికి ప్రకటిస్తాడు. పొద్దున్న లేచి అదే లైన్‌మన్‌కి అదే నిచ్చెన కదలకుండా పట్టుకుంటాడు.

"ముద్దాయిలు ఇద్దరుండాలి కదండి?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పోతురాజు.

"ఇద్దరే. పొద్దుటి అప్పన్న, సాయంత్రం అప్పన్న. వీళ్లిద్దరూ ఒకడేనని ఊళ్లో ఒక్కడి చేత చెప్పించు చూద్దాం."

పోతురాజు ఊరంతా తిరిగొచ్చాడు. ఎవరూ చెప్పలేదు. అప్పన్న పెళ్లామైతే, "ఆళ్లిద్దరికీ అసలు పోలికే లేదండి బాబూ. పొద్దుటోడు బంగారవండి" అని వాంగ్మూలం ఇచ్చింది.

కేసు మేజిస్ట్రేటుగారి ముందుకొచ్చింది. అప్పన్న తరఫున నల్లకోటు సర్దుకుంటూ లేచిన మనిషిని చూసి ఉదయభాస్కర్ కేసు పోయిందనుకున్నాడు. హైమవతి.

"అప్పన్నా, సాయంత్రం అప్పన్న నిచ్చెన పారేద్దామంటే నువ్వు సరేనన్నావా?" అని అడిగింది ఆమె.

"ఆడేవన్నాడో నాకేం తెలుసమ్మా? ఆడొచ్చేసరికి నేనుండను."

మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఉన్నది ఒక్క తల. ఒక తలలో ఎన్ని ఆలోచనలు తిరిగినా కుట్ర కాదు. ఇంటికి పంపండి" అన్నారు.

రెండో కేసుకి ఇద్దరు మనుషులు, రెండు తలలు, అన్నీ కుదిరాయి. సత్యం, వీర్రాజు అనే బావాబావమరుదులు సొసైటీ ప్రెసిడెంటుగారి తోటలో కొబ్బరిచెట్టు కింద పట్టపగలు దొరికారు. పక్కన గోనెసంచి, కొడవలి, చెట్టెక్కే బంధం అన్నీ ఉన్నాయి. కానిస్టేబుల్ వెళ్లేసరికి ఇంకా ఒక్క కాయా దింపలేదు. ఎప్పుడొచ్చారో గానీ నుంచునే వాదించుకుంటున్నారు.

"ఈ దొంగతనానికి మీరిద్దరూ ఒప్పుకున్నారా?" అని అడిగింది హైమవతి బోనులో ఉన్నవాళ్లని.

"ఈడితోనా అండి?" సత్యం మండిపడ్డాడు. "మా చెల్లిని ఇచ్చిన కాణ్ణించీ ఈడితో ఒక్క మాటకి ఒప్పుకుంటే ఒట్టండి. నేను బొండాలు దింపుదావన్నాను."

"బొండాలైతే గోనెలో ఎన్ని పడతాయండి? ముదురుకాయలన్నాన్నేను. బుర్రుంటే కదండి ఈయనకి."

"బుర్ర గురించి నువ్వు చెప్పాలిరా!"

"యువర్ ఆనర్, నా క్లయింట్ల మధ్య ఒప్పందం కుదరలేదు. ఇప్పటికీ కుదరడం లేదు. తమరే చూస్తున్నారు" అంది హైమవతి.

మేజిస్ట్రేటుగారు బల్ల మీద కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టాక, వీరిద్దరూ ఒకే చెట్టు కింద ఉన్నారు గానీ ఒకే ఆలోచనలో లేరని చెప్పి కుట్ర కేసు కొట్టేశారు.

మూడోసారి ఉదయభాస్కర్ ఏ లోపమూ రానివ్వకూడదనుకున్నాడు. ఇద్దరుండాలి, మాట కలవాలి, పని చట్టం కూడదన్నదై ఉండాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికేది ఎక్కడా అని వెతుకుతూ వెళ్తుంటే, ఒక పెళ్లివారింటి గుమ్మంలో దొరికాయి. కొత్త దంపతులు ఇంట్లోకి రాబోతుంటే పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు ముగ్గురు చేతులు కలిపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఒకరి పేరు ఒకరు చెబితేగానీ లోపలికి రానివ్వమంటున్నారు. పొరుగూళ్లకి కోడళ్లుగా వెళ్లినవాళ్లు కనక ముగ్గురూ మాట కలపడం నేర్చుకున్నారు.

"ముగ్గురు మనుషులు. ముందే కూడబలుక్కున్నారు. ఇంటివాణ్ని ఇంట్లోకి పోకుండా ఆపారు. అక్రమ నిరోధం. జీపెక్కించు" అన్నాడు ఉదయభాస్కర్.

"ఆడపడుచుల్నాండి?" పోతురాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "మా ఆవిడికి తెలిస్తే నాకు అన్నం పెట్టదండి."

కోర్టులో హైమవతి పెళ్లికొడుకుని పిలిపించింది.

"మిమ్మల్ని ఆపినందుకు మీకేమైనా ఫిర్యాదు ఉందా?"

"ఆచారం కదండి. ఎందుకుంటుంది?"

"ఇంతకీ పేరు చెప్పారా?"

పెళ్లికొడుకు బూటు ముందుభాగం చూసుకున్నాడు. "ఈలోగా ఎస్సైగారు వచ్చేశారండి. పేరు చెప్పించుకోవాల్సినవాళ్లు లాకప్పులో ఉన్నారు. వాళ్లు లేకుండా గడప దాటకూడదని మా అమ్మ పట్టుబట్టింది. అప్పట్నుంచీ మా మేనమామగారి అరుగు మీద ఉంటున్నామండి."

కోర్టు హాలు గొల్లుమంది. మేజిస్ట్రేటుగారు నవ్వాపుకుని, పెళ్లికొడుకు చేత అక్కడే పేరు చెప్పించి, ఆడపడుచుల్ని వదిలేశారు. "ఎస్సైగారూ, ఇందులో చట్టం కూడదన్న పని ఏదైనా ఉందంటే అది మీరు చేసిందే" అన్నారు.

బయట సైకిల్ స్టాండు దగ్గర ఉదయభాస్కర్ హైమవతిని పట్టుకున్నాడు.

"హైమా, ఒక్క కేసు. ఒకే ఒక్క కేసు చూసీ చూడనట్టు వదిలెయ్యలేవా? మన పెళ్లి కోసం."

"మన పెళ్లికి అప్పన్నని జైల్లో కూర్చోబెట్టమంటారా? పీటల మీద నాకు నిద్ర పడుతుందా?"

"పీటల మీద నిద్రెందుకు?"

"మాట తప్పించకండి." ఆమె స్కూటీ స్టాండు తీసింది. "నాన్నగారు ప్రెస్సువాణ్ని ఆపమన్నారు. ఈ వారంలో సెలవు ఖాయం కాకపోతే శుభలేఖలు అచ్చెయ్యరు. నాకూ మిమ్మల్నే చేసుకోవాలని ఉందండీ. కానీ లేని కుట్ర ఉందని మాత్రం నేను ఒప్పుకోను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో తడి చూశాక, ఉదయభాస్కర్‌కి ఆ పూట అన్నం సయించలేదు.

సంగతి పోతురాజు నోటి ద్వారా గంగాభవాని టీకొట్టుకి చేరింది. టీకొట్టుకి చేరిందంటే ఊరికి చేరినట్టే. ఉదయభాస్కర్ అంటే ఊరికి ప్రాణం. ఏ తగువుకి వెళ్లినా రెండు పక్షాలతోనూ "మీరన్నదీ నిజమేనండి" అనే ఎస్సై గోగులంకకి అంతకు ముందెన్నడూ రాలేదు.

"కుర్రోడి పెళ్లి కుట్ర లేక ఆగిపోవడమేంటండి? మనవే ఒకటి పన్నిస్తే పోలా?" అంది గంగాభవాని, టీ తిరగబోస్తూ.

ఈ కబురు విని డీఎస్పీ కరుణాకరంగారు పరవశించిపోయారు. ప్రజల భాగస్వామ్యంతో కుట్ర నిర్మూలన! ఇది సర్క్యులర్‌లో కూడా లేదు. ఆయన స్వయంగా గోగులంక పంచాయతీ హాల్లో సదస్సు ఏర్పాటు చేయించారు. ఈసారి చట్టప్రకారం ఎక్కడా లోటు రాకూడదని, కేసులు కొట్టించిన లాయరునే న్యాయ సలహాదారుగా పిలిపించారు. హైమవతి ముందు వరసలో, నవ్వకుండా కూర్చుంది. ఉదయభాస్కర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కేసు తన పేర రావాలి, కానీ నోరెత్తకూడదని అతనికి ఆజ్ఞ.

"మహాజనులారా!" అన్నారు కరుణాకరంగారు. "ఊరవతల పాడుబడ్డ పశువుల ఆసుపత్రి ఉంది. దాని పైకప్పు రేకులు అపహరించుటకు మీరు కుట్ర పన్నినట్లు ఎఫ్ఐఆర్ సిద్ధం చేయించి తెచ్చాను. మీరు నిజంగా రేకుల జోలికి వెళ్లనక్కర్లేదు. కోర్టులో అవునంటే చాలు. శిక్ష సంగతి నేను మాట్లాడతాను. ముద్దాయిల పేర్లు మాత్రం ఖాళీగా ఉంచాను. మొదటి ముద్దాయి, అంటే ఏ-వన్ ఎవరు?"

అంతే, హాలు భగ్గుమంది.

"ఇంకెవరుంటారండి?" మాజీ సర్పంచి పట్టాభి కండువా సర్దుకుంటూ లేచాడు. "మా తాతగారి హయాం నుంచీ ఊళ్లో ఏ పనికైనా మొదటి పేరు మాదే."

"తాతల నాటి నేతుల కబుర్లు ఆపవయ్యా!" రైసుమిల్లు ఆదినారాయణ కుర్చీ తోసేసుకుని లేచాడు. "నా మిల్లు కూతెయ్యందే ఈ ఊరు నిద్ర లేవదు. నేను నీ కింద ఏ-టూగా ఉండాలా? కోర్టులో నీ వెనక నిలబడాలా?"

"కుట్రలు మగాళ్లే చేస్తారా ఏంటి?" గంగాభవాని కొంగు దోపింది. "మా ఆడోళ్లు పన్నితే అసలు బయటపడుద్దా అని? ఏ-వన్ ఆడోళ్లకే ఇవ్వాలి."

అక్షరక్రమంలో రాద్దామని పాత హెడ్మాస్టరు అవధానులుగారు సూచించారు. అకారంతో పేరున్న అప్పన్న వెంటనే లేచి దండం పెట్టాడు. అతన్ని ముగ్గురు కలిసి కూర్చోబెట్టారు. వయసు ప్రకారమన్నారు. ఎవరి వయసు ఎంతో తేలలేదు. పశువుల ఆసుపత్రి రేకులు మాకొద్దు, బడి రేకులైతేనే కుట్రకి వస్తామని పడమటి వీధివాళ్లు లేచి వెళ్లిపోబోయారు.

కరుణాకరంగారి చొక్కా తడిసిపోయింది. ఆయన కళ్ల ముందు ఆ తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ కనబడడం లేదు. "మీరంతా ఒక్క మాట మీదికి రండి! ఏకగ్రీవంగా ఎవరి పేరు చెబితే ఆ పేరు నా స్వహస్తాలతో రాస్తాను. ఇది నా మాట!" అని అరిచారు.

అవధానులుగారు మళ్లీ లేచారు. దగ్గి, గొంతు సవరించుకున్నారు.

"నాయనలారా, సభా మర్యాద అని ఒకటుంది. పొరుగు నుంచి పెద్దలు విచ్చేసినప్పుడు మొదటి స్థానం ఎవరికిస్తాం? వారికే. గ్రంథాలయ వార్షికోత్సవమైనా అంతే, బడి జెండా పండగైనా అంతే. కుట్రకి మాత్రం వేరే పద్ధతెందుకు? ఏ-వన్ స్థానం డీఎస్పీగారు అలంకరించాలని ప్రతిపాదిస్తున్నాను."

పట్టాభి ఆదినారాయణకేసి చూశాడు. ఆదినారాయణ గంగాభవానికేసి చూశాడు. తన పేరు రాకపోతే పోయె, ఎదుటివాడి పేరూ రావడం లేదన్న సంగతి ముగ్గురికీ ఒక్కసారే తోచింది.

"బాగుందండి" అన్నాడు పట్టాభి.

"బలపరుస్తున్నాను" అన్నాడు ఆదినారాయణ.

"ఆయ్, న్యాయంగా ఉంది" అంది గంగాభవాని.

చప్పట్లతో పంచాయతీ హాలు దద్దరిల్లింది. కిటికీ మీద పావురాలు ఎగిరిపోయాయి. గోగులంక పుట్టాక ఊరంతా ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఎవరో శాలువా తెచ్చారు, ఎవరో దండ తెచ్చారు.

కరుణాకరంగారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ ఆయన్ని జీవితంలో ఎవరూ దేనికీ ఏకగ్రీవంగా ఎన్నుకోలేదు. ఆఫీసర్ల క్లబ్బులో ఉపాధ్యక్ష పదవికి నిలబడితే సొంత డ్రైవరే అయ్యో పాపం అన్నాడు. ఇక్కడ చూస్తే మెడలో బంతిపూల దండ, ఎదురుగా ఒక్క గొంతుతో అరుస్తున్న ఊరు. కాదంటే మళ్లీ మొదటికొస్తుంది. "పేరుదేముంది, కేసు ముఖ్యం" అంటూ, ఏ-వన్ అన్నచోట తన పేరు, హోదా, డిగ్రీలతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. దాని కింద మిగతావాళ్లు సంతోషంగా పేర్లు చెప్పారు. ఏ-టూ కావడానికి ఇప్పుడెవరికీ నామోషీ లేదు.

అప్పుడు హైమవతి లేచింది.

"న్యాయ సలహాదారుగా నా అభిప్రాయం చెప్పమంటారా సార్?"

"చెప్పమ్మా. ఇందులో లోటుందా?"

"రవ్వంత లోటు లేదండి. ముద్దాయిలు ఇద్దరికి తగ్గలేదు. ఒప్పందం కుదిరింది, శాలువా కూడా కప్పారు. ఇక పని అంటారా, పశువుల ఆసుపత్రి రేకుల గురించి కాదు. వాటి జోలికి ఎవరూ వెళ్లడం లేదని మీరే చెప్పారు. జరగని నేరాన్ని జరిగినట్టు రాసి కోర్టుని నమ్మించడం గురించి. అది చట్టం కూడదన్న పనే. ఎఫ్ఐఆర్ మీరే తయారుచేసి తెచ్చారు, ఏ-వన్ మీ చేత్తోనే రాశారు. ఇంత చక్కటి కుట్ర నేను పుస్తకాల్లో కూడా చదవలేదండి."

కరుణాకరంగారి చేతిలో కలం ఆగిపోయింది.

"అంటే మేవూ దొంగలవేనా అమ్మా?" అన్నాడు పట్టాభి.

"మీరూనండి. మీ అందరి తరఫునా నేను వాదిస్తాలెండి, కంగారుపడకండి."

ఉదయభాస్కర్ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. టోపీ సర్దుకున్నాడు.

"సార్, ఈ స్టేషను అధికారిని నేను. నేరం నా కళ్లముందే జరిగింది. కేసు కట్టకపోతే తప్పు నాదవుతుంది. ఇప్పుడే స్టేషనుకి వెళ్లి కడతాను."

"నిలబడుతుందా?" అన్నారు కరుణాకరంగారు, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

"కొండలాగ" అంది హైమవతి.

కరుణాకరంగారు దండ తీసి బల్ల మీద పెట్టారు. ఉదయభాస్కర్ భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తండ్రి చెయ్యిలా ఉంది.

"నీ పెళ్లెప్పుడన్నావు నాయనా?"

"వచ్చే వారం సార్."

"వచ్చే వారం పెళ్లి పెట్టుకుని ఇంకా డ్యూటీలో ఉంటావా? బుద్ధుండక్కర్లే? ఈ క్షణం నుంచి నువ్వు సెలవులో ఉన్నావు. సెలవులో ఉన్నవాడు కేసులు కట్టకూడదు. రూలు."

"పది రోజులు ఇప్పించండి చాలు."

"పది రోజులా! పెళ్లంటే ఏమనుకున్నావు? మూడు నిద్రలు, గుళ్లు, గోపురాలు, కొత్త కాపురం. శ్రావణం వెళ్లేదాకా స్టేషను ఛాయలకి రాకు."

పోతురాజు బూటు టకటకలాడించి సెల్యూట్ కొట్టాడు. "అయితే అప్పటిదాకా ఇన్‌చార్జి నేనే కదండి. కేసు నేను..."

"నువ్వూ పెళ్లికి వెళ్లు! పందిరి ఎవరు వేయిస్తారయ్యా? వడ్డన ఎవరు చూస్తారు? స్టేషనంతా వెళ్లండి. పక్క స్టేషను వాళ్లని నేను సర్దుతాను." ఎఫ్ఐఆర్‌ని నాలుగు మడతలు పెట్టి చొక్కాలో దోపుకుని, ఆయన జీపు దగ్గరికి దాదాపు పరిగెత్తారు.

అనుకున్న ముహూర్తానికే పెళ్లి జరిగింది. శుభలేఖలు అందరికీ సరిపోయాయో లేదో గానీ ఊరంతా వచ్చింది. పులిహోరలో ఉప్పు తక్కువైందని సగంమంది, ఎక్కువైందని సగంమంది కొట్టుకుంటూనే మారు వడ్డించుకున్నారు. కరుణాకరంగారు పెళ్లికొడుకు డ్యూటీలో చేరకుండా కాపలా కాయడానికన్నట్టు మూడు రోజులూ పందిట్లోనే ఉన్నారు.

తలంబ్రాలయ్యాక ఉదయభాస్కర్ పెళ్లికూతురి వైపు ఒరిగి గుసగుసగా అడిగాడు.

"ఆయన సెలవివ్వకపోతే నేను నిజంగానే కేసు కట్టేవాణ్ని హైమా. తెలుసా?"

"తెలుసండి. అందుకేగా మీరంటే ఇష్టం."

"కడితే పట్టాభిగారి దగ్గర్నుంచి అప్పన్న దాకా అందరూ లోపలికి వెళ్లేవాళ్లు. కొండలా నిలబడే కేసని నువ్వే అన్నావు."

హైమవతి నుదుటి మీద తలంబ్రాలు దులుపుకుంటూ నవ్వింది.

"డీఎస్పీగారి ముందు అలాగే అంటానండి. కోర్టులో అయితే ఒక్క నిమిషంలో కొట్టించేసేదాన్ని."

"ఎలా?"

"గోగులంక వాళ్లంతా ఒక మాట మీదికి వచ్చారంటే, ఏ మేజిస్ట్రేటు నమ్ముతాడండీ?"